నోట్లో నిప్పు పెట్టుకుని కాదనడం

పోయిన వారం నేను అరుగు మీద కూర్చుని జీడిపప్పు పొట్టు వలుస్తుంటే, మా మనవరాలు ఝాన్సీ పక్కకొచ్చి కూలబడి ఫోన్ చూసుకుంటోంది. కాశీబుగ్గలో మేముండే వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇదే పని. ఖాళీగా ఉన్న చెయ్యి కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. "రెండు పప్పులు వలవ్వే" అనబోతుంటే అదే ఫోన్ తెచ్చి నా ముఖానికి అడ్డం పెట్టింది. "మామ్మా, దొంగ దొరికినాడు సూడు." ఏదో పెద్ద పట్నం, ఏ పట్నమో దానికీ తెలీదు. నడిరోడ్డున ఒక మనిషిని కరెంటు స్తంభానికి కట్టేశారు. చుట్టూ జనం, అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఆ మనిషి తల ఒకసారి పక్కకి ఊపాడు, ఒకసారి వెనక్కి వాల్చాడు. "ఏటంతన్నాడే?" అన్నాను. "సౌండ్ లేదు మామ్మా. ఒప్పీసుకున్నాడంట, కింద రాసినారు." "తల ఊపితే ఒప్పీసుకున్నట్టేటి?" "మరేటి?" అని అది ఇంకో పదిమందికి పంపడానికి వేలు పెట్టింది. నేను పప్పు పొట్టు అంటిన చేత్తోనే దాని మణికట్టు పట్టుకుని "వేలు తియ్యి" అన్నాను. తీసేసింది. "దొంగోడి మీద నీకింత జాలేటే?" అని నవ్వింది కూడా. ఆ రోజు దానికి జవాబు చెప్పలేదు. నోటితో చెబితే సగంలో ఏడుపొస్తుంది, మనుషుల ముందు ఏడవడం నాకు అలవాటు లేదు. నేను చదివింది మూడో తరగతే అయినా అక్షరాలు మరిచిపోలేదు. దాని పాత నోటుపుస్తకాల్లో రాయకుండా వదిలేసిన కాయితాలు బోలెడున్నాయి. పారేస్తే ఏమొస్తుందని వాటి మీదే ఇది రాస్తున్నాను.

మాది జలంత్రకోట దగ్గర పల్లె. కొంత కొబ్బరి, కొంత జీడి. మా ఇంట్లో ఆడవాళ్ళు చుట్ట కాల్చేవారు, వెలిగించిన కొస నోటి లోపలికి పెట్టుకుని. దాన్ని అడ్డపొగ అంటాం. కొత్తవాళ్ళకి వింతగా ఉంటుంది గానీ దానికో లెక్కుంది: సముద్రపు గాలికి నిప్పు ఆరదు, జీడితోటలో ఎండుటాకుల మీద రవ్వ రాలదు, ఒక చుట్ట రెండు పూటలు వస్తుంది. మా మామ్మ, అంటే మా అయ్యని కన్న తల్లి, పొద్దున్నే పొయ్యిలో కొబ్బరిడొక్కల నిప్పుకి చుట్ట ముట్టించి, నిప్పు లోపలికి తిప్పి పెదాలు బిగించిందంటే ఇక ఆమె నోటి వెంట మాట రావడం కష్టం. నోట్లో నిప్పున్న మనిషి మాటలు దుబారా చెయ్యదు. అవునంటే కళ్ళు ఒకసారి మూసి తెరిచేది. కాదంటే గడ్డం కొంచెం పైకెత్తేది. "మామ్మా, బెల్లంముక్క ఎడతావా?" గడ్డం పైకి. "సముద్రం కాడికి ఎల్లొచ్చీదా?" గడ్డం పైకి. బేరగాడు కొబ్బరికాయలకి తక్కువ ధర చెప్పినా అంతే, గడ్డం పైకి. వాడు గొణుక్కుంటూ ధర పెంచేవాడు. మా అమ్మ కోడలిగా వచ్చి చుట్టతో పాటు ఆ గడ్డం ఎత్తడమూ నేర్చుకుంది. నేను చుట్ట ముట్టకుండానే నేర్చుకున్నాను. కాదు అన్న మాటకి మా ఇంట్లో నోరు అక్కరలేదు. లోకమంతా అంతేననుకున్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అయ్య హౌరాలో జనపనార మిల్లులో పనికి కుదిరాడు. మా వైపు నుంచి అప్పటికే చాలామంది వెళ్ళారు. పలాసలో మెయిలెక్కి మేమూ వెళ్ళాం. మామ్మ రానంది, గడ్డం ఎత్తి. అక్కడ మాకు ఒకటే గది. దాని వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది: బొగ్గుల పొయ్యి పొగ, పక్కింటి ఆవనూనె, మేం ఊరి నుంచి తెచ్చుకున్న ఎండుచేపలు, అన్నిటి మీదా అయ్య ఒంటి నుంచి వచ్చే జనపనార వాసన. సాయంత్రం ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల మీద పసుపుపచ్చటి నారపీచు పట్టి ఉండేది. అమ్మ ఆయన్ని గుమ్మం బయటే నిలబెట్టి తడిగుడ్డతో దులిపి గానీ లోపలికి రానిచ్చేది కాదు. బొగ్గు పొడిని పేడలో కలిపి ఉండలు చేసి ఎండబెట్టేది. కొబ్బరిపీచుతో గిన్నెలు తోమితే, ఆ పీచు దారాలు దారాలుగా విడిపోయేదాకా పారెయ్యనిచ్చేది కాదు. నా పిసినారితనం ఎక్కడిదని మా కోడళ్ళు అడుగుతుంటారు. అదిగో, ఆ గదిలోది.

పక్క గదిలో శెఫాలీ అని ఒక బెంగాలీ ఆవిడ ఉండేది. మేం దిగిన రెండో రోజు అమ్మ చుట్ట నిప్పు నోట్లోకి తిప్పుకోవడం చూసి కెవ్వున అరిచి, చెంబుతో నీళ్ళు తెచ్చి అమ్మ నోట్లో పోయబోయింది. పాపం, నిప్పు మింగేసిందనుకుంది. ఆ సంగతి తెలిశాక రోజుకో చుట్టాన్ని వెంటబెట్టుకొచ్చి చూపించేది. అమ్మకి తలకొట్టేసినట్టయ్యి, తలుపు వేసుకుని కాల్చుకోవడం మొదలుపెట్టింది. ఇంకోరోజు శెఫాలీ కాలు పొరపాటున మా బియ్యం చేటకి తగిలింది. వెంటనే బారెడు నాలిక బయటపెట్టి పళ్ళతో పట్టి ఉంచింది. మా అమ్మ ఊరుకుంటుందా? "ఏటే, బియ్యం తన్నీసి పైగా నన్నెక్కిరిస్తన్నావా?" అని చీపురు తీసింది. సాయంత్రం అయ్య నవ్వి, "అది ఎక్కిరింపు కాదే. తప్పైపోనాదని సిగ్గు. ఈ దేశపోళ్ళు అలాగే సేత్తారు" అన్నాడు. "సిగ్గైతే నాలిక లోపలెట్టుకోవాలి గానీ ఈదిలో ఎట్టడమేటి? మనం కరుసుకోమా, పళ్ళ సాటున?" అంది అమ్మ. తప్పు తెలిసినా ఒప్పుకునే రకం కాదు. మర్నాడు మాత్రం నాలుగు ఎండు నెత్తళ్ళు కాగితంలో చుట్టి నా చేత శెఫాలీకి పంపించింది. ఆవిడకి ఆ వాసన పడదని మాకప్పుడు తెలీదు. ముక్కు చీర చెంగుతో మూసుకుని మరీ తీసుకుంది. ఆ తర్వాత మంచి స్నేహితులయ్యారు.

మాటలు రాకపోయినా చేతులతో, కళ్ళతో బతికెయ్యొచ్చని ఆ ఏడాది నాకు ధైర్యం వచ్చింది. దొంగల గురించి మాత్రం అయ్య రోజూ భయపెట్టేవాడు. "మేడల వైపు తలెత్తి సూడకండి. కొత్తోళ్ళని తెలిసిపోతాది. ఎవులైనా ముందు తుమ్మితే ఎనక్కి సూడండి, మీరటు సూసీలోగా ఎనకోడు సంచి కోసీత్తాడు. బేగి బేగి నడవండి, ఎక్కడికెల్తన్నామో తెలిసినట్టు." మా అమ్మ ఇవన్నీ పాటించేది. ఒక్కటి మాత్రం ఆయనా చెప్పలేదు, ఆమెకీ తెలీదు. విలువైన వస్తువు దగ్గరుంటే మనిషి చెయ్యి పదేపదే దాని మీదికే పోతుంది. ఆ తడుముకోవడమే దొంగకి దారి చెప్పడం. జనం ఎదటోళ్ళ ముఖం చూస్తారు, దొంగ ఎదటోళ్ళ చెయ్యి చూస్తాడు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న చదువు.

అమ్మ వెండి కడియాల్లో ఒకదానికి సీల వదులైంది. అవి ఆమె పుట్టింటివి. కంసాలి దగ్గర బాగు చేయించాలని రెండిటినీ గుడ్డసంచిలో పెట్టి నడుము దగ్గర దోపుకుని, నన్ను తీసుకుని బజారుకి బయల్దేరింది. గంగ ఒడ్డు దగ్గర బజారు. మనిషిని రాసుకుంటూ మనిషి. పది అడుగులకోసారి ఆమె చెయ్యి నడుం మీదికి పోతోంది. మా ముందు ఒక కూలీ బస్తా మోసుకుని నడుస్తున్నాడు. చొక్కా లేదు, మెడలో ఎర్రటి తువ్వాలు. రెండు చేతులూ పైకెత్తి నెత్తి మీది బస్తాని పట్టుకున్నాడు. నా ఎత్తుకి సరిగ్గా కనబడేది అతని మోచేతులే కాబట్టి వాటినే చూస్తూ నడుస్తున్నాను. ఉన్నట్టుండి అమ్మ "ఓలమ్మో, నా కడియాలు!" అని అరిచింది. నడుం దగ్గర చీర బ్లేడుతో గీసినట్టు తెగి ఉంది. సంచి లేదు. ఆ కేక ఏ భాషో తెలియకపోయినా అందరికీ అర్థమైంది. ఆ కూలీ కూడా ఆగాడు. బస్తా కిందికి దింపి, ఏమైందోనని మా వైపు రెండడుగులు వేశాడు. అదే అతని తప్పు. అతను బస్తా దించకుండా తన దారిన పోయి ఉంటే ఎవరూ చూసేవారు కాదు. జనం తల తిప్పేసరికి మా పక్కన ఖాళీ చేతులతో ఉన్నవాడు అతనొక్కడే.

ఎవరో అతని మెడలో తువ్వాలు పట్టి లాగారు. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషొకాయన నా ముందు వంగి, అతన్ని చూపించి "ఏ నియేఛే?" అని అడిగాడు. వీడేనా తీసింది అని. అది నాకర్థమైంది. అతని రెండు చేతులూ బస్తా మీద ఉన్నాయని నా కళ్ళకి తెలుసు. అతను నా ఎదురుగానే ఉన్నాడు. నేను గడ్డం పైకెత్తాను. మా మామ్మ ఎత్తినట్టే, కాదని. ఆ ఊళ్ళో గడ్డం ఎత్తి ఒకడి వైపు చూపితే, అదిగో వాడేనని.

మొదటి దెబ్బ నా వెనక నుంచి వచ్చింది. తర్వాత ఎన్ని చేతులో. నేను "కాదు, కాదు" అని అరిచాను. ఒక ముసలావిడ నన్ను గభాల్న ఒళ్ళోకి లాక్కుని, నా కళ్ళు మూసి, "కేఁదో నా, కేఁదో నా" అని వీపు నిమరడం మొదలుపెట్టింది. ఏడవకు, ఏడవకు అని. వాళ్ళ భాషలో ఏడవడాన్ని 'కాఁదా' అంటారు, నా 'కాదు' ఆవిడ చెవికి ఏడుపులాగే వినబడింది. నేను ఎంత గట్టిగా కాదంటే ఆవిడ అంత గట్టిగా నన్ను ఓదార్చింది. కాదనడానికి వాళ్ళ మాట నాకు రాదా అంటే వచ్చు. 'నా' అంటే చాలు. వీధిలో పిల్లలతో ఆడుతూ రోజుకి వందసార్లు అనేదాన్ని. ఆ ఒక్క అక్షరం ఆ పూట నా నోటికి రాలేదు. భయమేసినప్పుడు మనిషికి పుట్టిన భాషే వస్తుంది.

నేను ఆవిడ చేతులు కొరికి విడిపించుకుని అమ్మ చీర పట్టుకున్నాను. "అమ్మా, అతను కాదే. నాను కాదంతే ఆళ్ళు అవునన్నారే." అమ్మ నా ముఖం ఒక్కసారి చూసింది. మగవాళ్ళ మధ్యలోకి ఎన్నడూ పోని మనిషి, నెత్తి మీద ముసుగు జారిపోతున్నా చూసుకోకుండా జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, ఆ కూలీ రెండు కాళ్ళూ పట్టుకుని తల ఆనించేసింది. దొంగ కాళ్ళకి ఎవరూ దణ్ణం పెట్టరు. అది ఏ దేశంలోనైనా ఒకటే. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. కళ్ళజోడాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పటికే ఆ కూలీ మూతి పగిలింది. కుడిచెయ్యి పొట్ట దగ్గర పెట్టుకుని వంగిపోయి ఉన్నాడు; ఎవరో ఆ చేతిని చెప్పుకాలితో తొక్కారు. ఇంతలో ఈల వేసుకుంటూ పోలీసొచ్చాడు. పోలీసంటే అమ్మకి దొంగ కన్నా భయం. నన్ను రెక్క పట్టుకుని లాక్కుంటూ ఇంటి దాకా పరుగెత్తించింది. ఒక్కసారీ వెనక్కి చూడనివ్వలేదు.

సాయంత్రం అయ్య వచ్చాడు. అమ్మ పీచు దులపడానికి గుడ్డ తియ్యలేదు. జరిగిందంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "అతగాణ్ణి అక్కడే ఒగ్గీసి వచ్చీసినావా?"

"పోలీసోడు వచ్చీసినాడు. మన మాట ఎవుడికి తెలుత్తాది?"

"కడియాలు పోతే పోనాయి. మనిషి మాటేటి?"

అమ్మ గోడ వైపు తిరిగిపోయింది. ఆ రాత్రి చుట్ట ముట్టుకోలేదు. నన్ను ఒక్కరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. అన్నం పెడితే తినలేకపోయాను. అతను బతికాడో లేదో, జైల్లో పెట్టారో తెలీదు. నా గడ్డం మీద ఎవరో చెయ్యి వేసి పట్టుకున్నట్టే ఉండేది. వీధి పిల్లలు ఆటకి పిలిస్తే మాటతో చెప్పేదాన్ని, తల కదిపేదాన్ని కాదు.

అయ్యకి వారానికొక సెలవు. ఆ సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని గంగ ఒడ్డున కూలీలుండే చోటల్లా తిరిగాడు. ముఖం తెలిసింది నాకే కదా. రెండు సెలవులు ఊరికే పోయాయి. మూడో సెలవునాడు, నార బేళ్ళు దించే షెడ్డు నీడలో ఎర్ర తువ్వాలు కనబడింది. కుడిచేతికి గుడ్డ కట్టుకుని ఒక్కడూ కూర్చున్నాడు. "అయ్యా, అతనే" అన్నాను. అయ్య ముందుకెళ్ళి, చేతులు జోడించి, మిల్లులో నేర్చిన వచ్చీరాని హిందీలో మొదలుపెట్టాడు. ఆ మనిషి చివరి దాకా విన్నాడు. విని, "మీది ఇచ్ఛాపురానికి ఇవతలా, అవతలా?" అన్నాడు తెలుగులో.

ఆ మనిషిది ఇచ్ఛాపురం దాటాక వచ్చే పల్లెట. ఇంట్లో ఒడియా, సంతలో తెలుగు. అంత గుంపులో నా మాట తెలిసినవాడు దెబ్బలు తింటున్న ఆ మనిషొక్కడే.

"నీ గుంట కాదు కాదని అరిసింది. నాను ఇన్నాను" అన్నాడు.

"మరి నువ్వేల సెప్పలేదు బావా?"

"సెప్పకేటి? నానూ అదే మాట అరిసినాను. దెబ్బలు తినీవోడి నోట ఏ మాటొచ్చినా ఆళ్ళకి ఏడుపే." నవ్వాడు. పెదవి ఇంకా పూర్తిగా మానలేదు, నవ్వు ఒక పక్కకే వచ్చింది. "పోలీసోడు మంచోడే. బస్తా సూసి, ఎల్లిపో అన్నాడు. సెయ్యే ఇలాగైపోనాది. రెండు వేళ్ళు ఇంక సాగవంట. పర్లేదు, తల ఉంది గదా మొయ్యడానికి."

ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎన్నోసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. అప్పటి జనం మంచివాళ్ళని నేను చెప్పను. ఆ బజారులో కొట్టినవాళ్ళలో సగంమంది నా మీది జాలితోనే కొట్టారు. ఇప్పుడు ఫోన్ చూసి పంపేవాళ్ళూ అలాంటి మంచివాళ్ళే. తేడా ఒక్కటే. అప్పుడు గుంపు ఏభై మంది. పొరపాటు జరిగిందని తెలిస్తే, ఒక మిల్లు కూలీ తన కూతుర్ని పట్టుకుని మూడు సెలవులు తిరిగి ఆ మనిషిని వెతకగలిగాడు. ఝాన్సీ ఫోన్లో స్తంభానికి కట్టిన మనిషిని ఎక్కడని వెతుకుతాం? ఏ ఊరో తెలీదు, ఏ భాషో తెలీదు, తల వెనక్కి వాల్చి అతనేమన్నాడో ఎవరికీ తెలీదు. చూసినవాళ్ళందరూ కొట్టినవాళ్ళే, ఒక్కరికీ చెయ్యి నొప్పి పుట్టలేదు. దొంగల్ని చూసి జాగ్రత్తపడమని పిల్లలకి చెప్పాలి. నేనూ చెబుతాను, బస్సెక్కేటప్పుడు మెడలో గొలుసు లోపలికి వేసుకోమని ఇప్పటికీ అరుస్తాను. దొంగ పట్టుకుపోయింది మళ్ళీ కొనుక్కోవచ్చు. నేను ఎత్తిన గడ్డాన్ని మాత్రం దించుకునే వీలు లేకపోయింది.

ఆ రోజు అయ్య అతన్ని వదల్లేదు. "మా ఇంటికాడ ఎంగిలి పడితే గానీ ఎల్లనివ్వను" అని వెంటబెట్టుకొచ్చాడు. అమ్మ గుమ్మంలో అతన్ని చూసి, లోపలికెళ్ళి పీట వేసింది. అన్నం, ఎండుచేపల పులుసు, ఊరి నుంచి వచ్చిన కొబ్బరితో పచ్చడి. మా ఊరి వంట చూసి చాలా రోజులైందన్నాడు. అని, కంచం ముందు అలాగే కూర్చున్నాడు. కుడిచెయ్యి గుడ్డలో ఉంది. ఎడంచేత్తో, పరాయి ఇంట్లో, ఆడవాళ్ళ ముందు అన్నం ఎలా ముట్టుకుంటాడు? అన్ని దెబ్బలు తిన్నప్పుడు కూడా అంత సిగ్గు అతని ముఖంలో చూడలేదు. "నాకు ఆకలి లేదమ్మా" అన్నాడు. అయ్య నేల చూశాడు. చెంచా మా ఇంట్లో లేదు.

అమ్మ నా వైపు తిరిగింది. "ఒలే, సేతులు కడుక్కొచ్చి కూకో. కలిపి ఎట్టు."

నేను కడుక్కొచ్చి కూర్చున్నాను. అన్నంలో పులుసు కలిపాను. మొదటి ముద్ద దారిలోనే సగం రాలిపోయింది. అతను వంగి మిగతాది అందుకున్నాడు. రెండోది సరిగ్గా పెట్టాను. ముల్లు తీసి పెట్టాను. అమ్మ వడ్డిస్తూనే ఉంది, నేను పెడుతూనే ఉన్నాను, అతను చాలనలేదు. కంచం ఖాళీ అయ్యాక అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. తిన్నాక కడుక్కునే అలవాటుకొద్దీ అతను ఎడంచెయ్యే చాపాడు. అమ్మ అతన్ని దాటి వచ్చి, ఆ నీళ్ళు అన్నం అంటిన నా చేతి మీద పోసింది.